డ్రమ్ము తీసి డిస్కు పెట్టాలా? ఫోర్‌వీల్ బళ్ల వెనక బ్రేకుల మీద తెగని చర్చ

2020లో వచ్చిన రెండో తరం థార్‌కి వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులే. 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకీ అంతే. 1985లో మొదలై మూడు దశాబ్దాలకు పైగా అమ్ముడైన మారుతి జిప్సీ అయితే చివరిదాకా వెనక డ్రమ్ములతోనే నడిచింది. 2024 ఆగస్టులో థార్ రాక్స్ వెనక డిస్కులతో కనిపించేసరికి పాత ప్రశ్న మళ్లీ లేచింది. కంపెనీయే డిస్కుకు మారితే, మన బండికి మనమెందుకు మార్పించుకోకూడదు?

జవాబులు కావలసినన్ని ఉన్నాయి. చిక్కేమిటంటే, చెప్పేవాళ్లంతా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఒకరి బాధ బండి ఆగే దూరం. ఇంకొకరిది వాగు దాటగానే బ్రేకు పట్టకపోవడం. మూడోవారికి ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్ నిలవాలి. నాలుగోవారు తుప్పు పట్టి అతుక్కుపోయిన డ్రమ్మును సుత్తితో కొట్టి ఊడదీసే పని తప్పితే చాలంటారు. వీటిలో ఒకదానికి మంచి మందైనది ఇంకొకదానికి రోగం కావచ్చు. ఈ చర్చ ముదిరి ముడిపడిపోవడానికి కారణం అదే.

ఒకే ఏడాది పుట్టినవి

డ్రమ్ము పాతకాలపుది, డిస్కు కొత్తది అనుకోవడం మామూలే. కానీ రెండింటి మూలాలూ 1902లోనే ఉన్నాయి. ఆ ఏడు ఫ్రాన్స్‌లో లూయీ రెనో నేటి డ్రమ్ము బ్రేకుకు మూలరూపం తయారుచేస్తే, ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. డిస్కు మాత్రం అర్ధశతాబ్దం వెనకబడిపోయింది. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ గెలిచింది. 1955లో సిత్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో వచ్చింది. అక్కణ్ణుంచి కార్ల ముందు చక్రాలు ఒక్కొక్కటిగా డిస్కులకు మారాయి.

కొండదారి బళ్ల కథ వేరే దారిలో నడిచింది. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ ఎంబీ జీపుకు నాలుగు చక్రాలకూ తొమ్మిది అంగుళాల డ్రమ్ములే. దాని వారసులు మన దేశంలోనూ చాలాకాలం అలాగే తిరిగారు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ మాత్రం మొదటిరోజు నుంచే నాలుగు డిస్కులతో ఉంది. అదే కంపెనీ డిఫెండర్‌కు వెనక డిస్కులు 1990ల మొదటి సగంలో గానీ రాలేదు. అమెరికాలో జీప్ రాంగ్లర్ టీజే వెనక డ్రమ్ములతో అమ్ముడవుతూ, 2003 నుంచి కొన్ని రకాల్లో డిస్కులు తెచ్చుకుంది. 2007 జేకే మోడల్‌తో నాలుగు డిస్కులూ మామూలైపోయాయి. టొయోటా టకోమా 2023 దాకా వెనక డ్రమ్ము వదల్లేదు, 2024 మోడల్‌తో వదిలింది.

ఈ వరుసను చూసి "అందరూ చివరికి డిస్కుకే వచ్చారు కదా" అనేవాళ్లున్నారు. నిజమే, కానీ వచ్చిన ప్రతిసారీ బండి కూడా మారింది. కొత్త యాక్సిల్, కొత్త మాస్టర్ సిలిండర్, కొత్త హ్యాండ్ బ్రేక్, కొత్త ఎలక్ట్రానిక్స్ అన్నీ కలిపి గీసుకున్నాకే డిస్కు వచ్చింది. పాత బండికి వెనక రెండు చక్రాలు మాత్రమే మార్చడం వేరే పని.

ఆ వేరే పనికీ సొంత చరిత్ర ఉంది. అమెరికాలో చాలాకాలం 1976–78 కాడిలాక్ ఎల్డొరాడో వెనక కాలిపర్లకు గిరాకీ ఉండేది, వాటిలోనే హ్యాండ్ బ్రేక్ మీట కలిసి ఉంటుంది కాబట్టి. తర్వాత 1995 నుంచి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు డిస్కులతో సహా వచ్చిన వెనక యాక్సిల్‌ను స్క్రాప్ యార్డు నుంచి తెచ్చి మొత్తంగా జీపుకు వెల్డింగు చేయించడం వాడుకైంది. మన దగ్గర పాత జీపులకు ముందు డ్రమ్ములు తీసి డిస్కులు వేయించడం ఎప్పటినుంచో ఉంది. వెనక మార్పు ఆ తర్వాత పుట్టిన కోరిక.

నాలుగు వాదాలు

మొదటి పక్షం మార్చాల్సిందే అంటుంది. డిస్కు నీళ్లలోంచి బయటికొచ్చిన కాసేపటికే ఆరుతుంది, వేడిని త్వరగా వదిలేస్తుంది, ప్యాడ్ల అరుగుదల చక్రం సందులోంచే కనిపిస్తుంది, అడ్జస్ట్‌మెంటు అక్కర్లేదు. రెండో పక్షానికి వెనక డ్రమ్మే చాలు. గట్టి బ్రేకులో పని ఎక్కువగా ముందు చక్రాలదే, హ్యాండ్ బ్రేక్ డ్రమ్ములోనే బాగా పడుతుంది, మూసి ఉన్న డ్రమ్ములోకి రాళ్లు దూరవు అని వీరి లెక్క. మూడో పక్షం మార్చేదైతే డిస్కులతోనే పుట్టిన యాక్సిల్ మొత్తాన్ని తెచ్చి పెట్టమంటుంది. నాలుగో పక్షం కాస్త విసుగుతో మాట్లాడుతుంది. ముందు బ్రేకులు, బూస్టరు, టైర్లు సరిచేసుకోకుండా వెనక్కి పోవడమేమిటని వీరి ప్రశ్న.

నాలుగో పక్షం మాటలో బరువుంది. జిప్సీకి మామూలుగా వచ్చే 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మి.మీ. దాని స్థానంలో 31 అంగుళాల టైరు వేస్తే 787 మి.మీ. అవుతుంది. బ్రేకు దగ్గర పుట్టే టార్కు మారదు, చక్రం వ్యాసార్థం పెరిగింది. అంటే అదే పెడల్ ఒత్తిడికి నేల దగ్గర అందే బలం 15 శాతం తగ్గిపోయిందన్నమాట. పైగా బరువైన టైరును తిరగకుండా ఆపడానికి ఇంకొంత శక్తి కావాలి. టైర్లు మార్చిన నెలకు "డ్రమ్ములు పనికిరావు" అనే నిర్ణయానికి వచ్చేవారి ఫిర్యాదులో కొంత వాటా ఇక్కడే ఉంది, డ్రమ్ము పాపం ఏమీ చేయకుండానే.

డ్రమ్ములో దాగిన బలం

వాదాల్లో తరచూ కనిపించే పొరపాటు, డ్రమ్ము బలహీనమైనది అనుకోవడం. వాస్తవం తిరగబడి ఉంది. చక్రం తిరిగే దిశలో ఉన్న షూ డ్రమ్మును తాకగానే, డ్రమ్మే దాన్ని తనతో ఈడ్చుకుంటూ ఇంకా గట్టిగా అదుముకుంటుంది. డ్రైవరు కాలికి ఇది ఉచితంగా దొరికే సాయం. షూను నెట్టే బలానికి ఎన్ని రెట్లు రాపిడి బలం వస్తుందని కొలిస్తే, ఒక షూ ముందుకు, ఒకటి వెనక్కి పనిచేసే మామూలు డ్రమ్ముకు ఆ గుణకం 2 దగ్గర ఉంటుంది. రెండు షూలూ ఒకదాన్నొకటి నెట్టుకునే రకానికి 4 దాటిపోతుంది. డిస్కుకు 0.7 నుంచి 0.8.

కాబట్టి డిస్కు గొప్ప బలంలో లేదు, నిలకడలో ఉంది. లైనరు తడిసో వేడెక్కో రాపిడి పదోవంతు పడిపోతే డిస్కు బలమూ పదోవంతే పడిపోతుంది. డ్రమ్ములో అలా కాదు. అదుముకునే సాయం కూడా రాపిడి మీదే ఆధారపడింది కాబట్టి బలం అంతకు మించి పడిపోతుంది. రెండు వెనక చక్రాల్లో ఒకదాని లైనరు మాత్రమే తడిస్తే బండి పక్కకు లాగేది ఇందుకే. ఇంకో సంగతి వేడి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పెడల్ లోపలికి పోతుంది. డిస్కు మందం పెరిగితే ప్యాడ్ల వైపే వస్తుంది. అరకు ఘాట్ వంటి దిగుడులో నాలుగో గేరులో బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగేవారికి ఈ తేడా తెలుస్తుంది. రెండో గేరులో ఇంజన్ మీద భారం వేసి దిగేవారికి పెద్దగా తెలియదు.

నీళ్లు, ఇసుక, నల్లరేగడి

నీళ్ల విషయంలో డిస్కు పక్షానిదే పైచేయి. డ్రమ్ములో చేరిన నీరు బయటికి పోవడానికి టైం పడుతుంది. వాగు దాటాక ఎడమకాలితో బ్రేకు మెల్లగా ఒత్తి పట్టుకుని కొంతదూరం నడిపి ఆరబెట్టుకోవాల్సి వస్తుంది. డిస్కు మీద నీటిని ప్యాడ్లే తుడిచేస్తాయి.

బురద దగ్గర తీర్పు అంత తేలిక కాదు. డ్రమ్ము మూసిన పెట్టెలా కనిపించినా బ్యాక్ ప్లేటు సందుల్లోంచి సన్నని మట్టి లోపలికి పోతుంది. పోయింది పోయినట్టే ఉండిపోతుంది కూడా. నీటితో కలిసి ఆ మెత్తటి మట్టి లైనర్లనూ డ్రమ్మునూ రెండింటినీ అరగదీస్తుంది. వీల్ సిలిండర్ డస్ట్ కవర్ చిరిగి ఉంటే పిస్టన్ బిగుసుకుపోతుంది. వర్షాకాలం పొలంబాటల్లో తిరిగిన బండి డ్రమ్ము విప్పితే లోపల నల్లరేగడి అచ్చుపోసినట్టు గట్టిపడి, అడ్జస్టరు మర ఎక్కడుందో కనబడకుండా ఉంటుంది. అడ్జస్టరు తిరగకపోతే లైనరు అరిగిన కొద్దీ పెడల్ దిగుతూ పోతుంది, హ్యాండ్ బ్రేక్ మీట పైకి లేస్తూ పోతుంది. యజమాని చూసేది ఈ రెండు లక్షణాల్నే. "డ్రమ్ము బ్రేకు ఇంతే" అనుకుంటాడు.

డిస్కుకు ఇంకో రకం తిప్పలు. తెరిచి ఉంటుంది కాబట్టి మట్టి త్వరగా రాలుతుంది, రాలేలోగా ప్యాడ్లనూ అరగదీస్తుంది. డిస్కుకూ దాని వెనక రేకు కవచానికీ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుంటే కీచుమనే చప్పుడుతో గాడి పడిపోతుంది. ఆ రేకు తీసేస్తే రాయి నిలవదు, కానీ బురద నేరుగా పడుతుంది. ఏది నయమన్నదాని మీద అనుభవజ్ఞులే రెండుగా చీలిపోయారు. కాలిపర్ జారే పిన్నుల రబ్బరు బూట్లు చిరిగితే పిన్ను బిగుసుకుని ఒకవైపు ప్యాడు మాత్రమే అరిగిపోవడం మామూలు. డిస్కుకు నిర్వహణ అక్కర్లేదన్న మాట ఇక్కడ నిలవదు. విప్పి చూడడం తేలిక, అంతవరకే.

పక్కపక్కన పెట్టి చూస్తే నీరు, వేడి, తనిఖీ సులువు డిస్కు వైపు మొగ్గుతాయి. హ్యాండ్ బ్రేక్, తక్కువ ఖర్చు, కంపెనీ అమర్చిన సమతూకం చెడకుండా ఉండటం డ్రమ్ము వైపు. బురద ఎటూ మొగ్గదు. పొడిరోడ్డు మీద ఆగే దూరం, చాలామంది మొదట అడిగేది అదే అయినా, ఈ పోలికలో చివరన రావాలి. మంచి స్థితిలో ఉన్న డ్రమ్ముకు వెనక చక్రాన్ని లాక్ చేసే శక్తి ఎలాగూ ఉంది. లాక్ అయ్యాక పట్టు టైరుది.

వెనక చక్రానికి పని ఎప్పుడు పడుతుంది?

"బ్రేకు పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే" అన్న సూత్రం తారురోడ్డుది. దాన్ని కొండ మీదికి యథాతథంగా తీసుకుపోవడం ఈ చర్చలో పెద్ద లోపం. ఉదాహరణకు చక్రాల మధ్య దూరం 2375 మి.మీ. (జిప్సీది అంతే), గరిమనాభి ఎత్తు 700 మి.మీ., నిలిచి ఉన్నప్పుడు వెనక యాక్సిల్ మీద 48 శాతం బరువు ఉన్న బండిని ఊహించుకుందాం. పొడి తారు మీద 0.7 జీతో బ్రేకు వేస్తే బరువు ముందుకు ఒరిగి, వెనక మిగిలేది 27 శాతం. సస్పెన్షన్ నాలుగు అంగుళాలు లేపితే అది 24కు దిగుతుంది. ఇంతవరకు రెండో పక్షం చెప్పేది సరిపోయింది.

అదే బండి తడి కంకర మీద 0.3 జీకి మించి ఆగలేదు. అప్పుడు వెనక 39 శాతం బరువు ఉంటుంది. ఇక అసలు పరీక్ష ఎక్కలేక ఆగిపోయిన ఎత్తు మీద. ఇంజన్ ఆగిపోయి రివర్స్‌లో వెనక్కి దిగాల్సి వచ్చినప్పుడు పల్లం వైపు ఉన్నవి వెనక చక్రాలు. 30 డిగ్రీల వాలు మీద పైన చెప్పిన బండి లెక్క కడితే చక్రాల మీది భారంలో 65 శాతం వెనక యాక్సిల్‌దే. ముందు చక్రాలు తేలికై, గట్టిగా తొక్కితే అవే ముందు లాక్ అవుతాయి. లాక్ అయిన ముందు చక్రాలకు స్టీరింగు ఉండదు, ముక్కు పక్కకు జారి బండి అడ్డంగా తిరిగి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. నమ్మదగిన వెనక బ్రేకు ప్రాణం కాపాడే చోటు ఇది. డిస్కు పక్షం తమకు అన్నిటికన్నా బలమైన ఈ వాదాన్ని ఎందుకో అరుదుగా ఎత్తుతుంది.

దీనికీ ఒక ఎదురుమాట ఉంది. థార్, జిమ్నీ, జిప్సీ వంటి బళ్లలో ఫోర్‌వీల్ లో రేంజ్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకటిగా ముడిపడతాయి. అప్పుడు ముందు బ్రేకు పట్టు కొంత వెనక యాక్సిల్‌కూ చేరుతుంది, ఇంజన్ బ్రేకింగ్ నాలుగు చక్రాలకూ అందుతుంది. క్లచ్ తొక్కకుండా, గేరులో ఉంచి దిగే డ్రైవరుకు డ్రమ్ముతోనూ సరిపోతుంది. బండి కన్నా డ్రైవరు అలవాటే ఎక్కువ తేడా తెచ్చే సందర్భం.

అసలు ముడి హ్యాండ్ బ్రేక్

వెనక డిస్కు మార్పుల్లో ఎక్కువ భాగం చెడేది ఇక్కడే. డ్రమ్ములో తీగ లాగితే షూలు తెరుచుకుంటాయి, అదుముకునే సాయం హ్యాండ్ బ్రేక్‌కూ దొరుకుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు కాబట్టి వేరే ఏర్పాటు కావాలి. దారులు నాలుగు.

ఒకటి, మీట కలిసిన కాలిపర్. ఎల్డొరాడో కాలిపర్లు ఈ రకమే. లోపల ఒక మర పిస్టన్‌ను నెడుతుంది. మీటను తరచూ వాడకపోతే దాని స్వయం సర్దుబాటు పనిచేయదు, తుప్పు పడితే మీట తిరగదు, పడ్డ పట్టు కూడా అంతంతమాత్రం. బురద బండికి ఇది బలహీనమైన ఎంపిక.

రెండు, డిస్కు మధ్య గిన్నెలో చిన్న డ్రమ్ము. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్‌లో ఉన్నది ఇదే. పట్టు బాగుంటుంది, విడిభాగాలు కంపెనీవే. ఒక చమత్కారం గమనించాలి. డ్రమ్మును వదిలించుకోవాలని మొదలుపెట్టిన మార్పు చివరికి అదే డ్రమ్మును చిన్నదిగా చేసి లోపల దాచుకుంది. అందులోకీ మట్టి చేరుతుంది.

మూడు, ప్రొపెల్లర్ షాఫ్టు మీద బ్రేకు. విల్లీస్ ఎంబీకీ ల్యాండ్ రోవర్లకూ కంపెనీ ఇచ్చింది ఇదే. 1970 రేంజ్ రోవర్‌కు వెనక డిస్కుల దారి సుగమం కావడంలో దీని పాత్ర చిన్నది కాదు, చక్రాల్లో హ్యాండ్ బ్రేక్ పెట్టే బాధ్యతే లేదు కదా. క్రౌన్ నిష్పత్తి 4 ఉంటే చిన్న బ్రేకు చక్రం దగ్గర నాలుగు రెట్లై అందుతుంది, పట్టు అద్భుతం. లోపమూ ఉంది. వెనక డిఫరెన్షియల్ లాక్ లేనిదైతే, ఒక వెనక చక్రాన్ని జాకీతో ఎత్తగానే అది స్వేచ్ఛగా తిరిగి బండి జారిపోతుంది. పంక్చరు వేసేటప్పుడు చక్రాలకు రాళ్లు పెట్టక తప్పదు. బండి కదులుతుండగా దీన్ని లాగకూడదు, షాఫ్టు మీద పడే దెబ్బ పెద్దది.

నాలుగోది, బ్రేకు లైనులో కవాటం పెట్టి ఒత్తిడిని బంధించే ఉపాయం. తక్కువ ఖర్చని కొందరు దీన్నే హ్యాండ్ బ్రేక్ అనేస్తారు. ఇది హ్యాండ్ బ్రేక్ కాదు. ఆయిల్ చల్లారితే ఒత్తిడి పడిపోతుంది, ఏదో ఒక సీలు కాస్త కారితే చాలు. వించి తాడు లాగేటప్పుడు పెడల్‌కు తోడుగా పనికొస్తుందేమో గానీ, వాలు మీద ఆపి దిగిపోవడానికి పనికిరాదు. ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన ప్రకారం కార్ల పార్కింగ్ బ్రేకు నిండు బరువుతో 20 శాతం వాలు మీద నిలవాలి, అదీ పూర్తిగా యాంత్రికంగా పట్టి ఉండాలి.

పిస్టన్ ఎంపిక: ఎవరూ వేయని లెక్క

దుకాణంలో దొరికిన కాలిపర్ తెచ్చి, బ్రాకెట్ కోయించి బిగించేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఇక్కడ చిన్న లెక్క చేసి చూద్దాం. 22 మి.మీ. వీల్ సిలిండర్, పది అంగుళాల డ్రమ్ము, గుణకం 2 అనుకుంటే, లైనులో ప్రతి బార్ ఒత్తిడికి ఒక్కో వెనక చక్రం దగ్గర సుమారు 9.7 న్యూటన్ మీటర్ల టార్కు పుడుతుంది. దాని బదులు 115 మి.మీ. పనిచేసే వ్యాసార్థం ఉన్న డిస్కు, 0.76 గుణకం తీసుకుందాం. కాలిపర్ పిస్టన్ 38 మి.మీ. అయితే 9.9 వస్తుంది, దాదాపు పాత డ్రమ్మే. పిస్టన్ 54 మి.మీ. అయితే 20. దాదాపు రెట్టింపు.

రెట్టింపు అంటే మంచిదేగా అనిపిస్తుంది. తడిరోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తోక తిప్పేస్తుంది. ఎత్తు పెంచిన, వెనక ఖాళీగా ఉన్న జీపుకు ఇది మరీ ప్రమాదం. చేత్తో తిప్పే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టి వెనక ఒత్తిడి తగ్గించుకోవచ్చు. అయితే అది తగ్గించగలదే గానీ పెంచలేదు. చిన్న పిస్టన్ పడి వెనక బ్రేకు చాలకపోతే వాల్వు ఏమీ చేయలేదు. కొన్ని బళ్లలో వెనక యాక్సిల్‌కు మీటతో కలిపిన లోడు సెన్సింగ్ వాల్వు ఉంటుంది. సస్పెన్షన్ లేపగానే ఆ మీట "వెనక బరువు లేదు" అని అర్థం చేసుకుని ఒత్తిడి తగ్గించేస్తుంది. డిస్కులు వేశాక కూడా బ్రేకు చాలడం లేదనే చోట మొదట చూడాల్సింది ఈ మీటనే.

ఇంకా కొన్ని చిన్న విషయాలు పెద్ద తలనొప్పులౌతాయి. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్లలో లైనులో కొంత ఒత్తిడి, సుమారు 0.7 బార్, నిలిపి ఉంచే కవాటం ఉంటుంది. అది అలాగే వదిలేస్తే డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ చక్రం వేడెక్కుతుంది. విల్లీస్ తరహా పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఉంటుంది కాబట్టి పూర్తిగా తీసేసినా కుదరదు, కాలిపర్ల నుంచి ఆయిల్ వెనక్కి జారకుండా 0.14 బార్ రకం కావాలి. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే ఎయిర్ తీసే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన చిక్కుకుని, లీటర్ల కొద్దీ ఆయిల్ పోసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. యాక్సిల్ షాఫ్టుకు పక్క ఆట ఉంటే మలుపుల్లో డిస్కు అటూ ఇటూ కదిలి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. మలుపు తర్వాత మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది. డ్రమ్ములో ఈ ఆట ఇంతగా బాధించేది కాదు. మూడో పక్షం, అంటే మొత్తం యాక్సిల్ తెచ్చుకోమనేవారి మాటకు ఈ జాబితాయే సగం సమర్థన. మిగతా సగం వెల్డింగు ఎవరు చేశారన్నదాని మీద ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులను కట్టడి చేస్తుంది. కంపెనీ మూల నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడు వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు ఐదువేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అంటుంది. బ్రేకు బాగుచేయడం వేరు, బ్రేకు రకం మార్చడం వేరు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి అవుతుంది.

ఆస్ట్రేలియాలో మార్పుల కోసమే వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళి ఉంది. బ్రేకు మార్పులకు అందులో ప్రత్యేక విభాగం పెట్టారు. బ్రిటన్‌లో వార్షిక తనిఖీ రోలర్ల మీద హ్యాండ్ బ్రేక్ సామర్థ్యం 16 శాతం రావాలి. ఎల్డొరాడో తరహా అరకొర ఏర్పాట్లు అలాంటి చోట బయటపడతాయి. మన దగ్గర మార్పు చేసిన వెనక బ్రేకును కొలిచి, సరే అనో కాదనో చెప్పే తేలిక దారి యజమానికి కనిపించదు. అందుకే పని చాటుగా జరుగుతుంది, చాటుగా జరిగే పనికి కొలత ఉండదు.

ఇంకా తేలనివి

ఏబీఎస్ ఉన్న బళ్ల సంగతి పాత జీపుల సంగతికి పూర్తిగా వేరు. 2019లో థార్ 700కు ఏబీఎస్ చేరింది. 2019 ఏప్రిల్ తర్వాత కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరైంది. ఏబీఎస్ లెక్కలన్నీ కంపెనీ బిగించిన వీల్ సిలిండర్ ఎంత ఆయిల్ తాగుతుంది, ఎంత త్వరగా ఒత్తిడి ఎక్కుతుంది, దిగుతుంది అన్నదాని మీద కట్టినవి. వెనక చక్రానికి వేరే కాలిపర్ పెడితే ఆ లెక్క ఎంత తప్పుతుంది, ఏ హద్దు వరకు ఎలక్ట్రానిక్స్ సర్దుకుపోతుంది అన్నదానికి గ్యారేజీ స్థాయిలో జవాబు దొరకదు. పొడిరోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి బాగుందనడం దీనికి పరీక్ష కాదు. తేడా కనిపించేది ఒకవైపు బురద, ఒకవైపు తారు ఉన్న అంచు మీద.

ఎలక్ట్రానిక్స్ పనిచేయాలంటే డిస్కు కావాలన్న ప్రచారం మాత్రం నిలవదు. జిమ్నీలో జారే చక్రాన్ని బ్రేకుతో పట్టి రెండో చక్రానికి బలం పంపే ఏర్పాటు వెనక డ్రమ్ముల మీదే పనిచేస్తోంది.

ఇంతలో కార్ల లోకంలో గాలి డ్రమ్ము వైపూ వీస్తోంది. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3, ఐడీ.4 విద్యుత్ కార్లకు వెనక డ్రమ్ములు పెట్టింది. మోటారే బండిని నెమ్మదింపజేస్తుంటే వెనక డిస్కు వాడకం తగ్గి తుప్పు పడుతుందని, మూసిన డ్రమ్ము ఎక్కువకాలం నిలుస్తుందని కారణం. రేపటి విద్యుత్ ఫోర్‌వీల్ బళ్లకూ ఇదే తర్కం వర్తిస్తుందా, బురదలో మూసిన డ్రమ్ము ఇప్పటిలాగే మట్టి మింగుతుందా అన్నది తెరిచి ఉన్న ప్రశ్న. మార్పులు చేసేవారిలో మరో వైపు కాలిపర్ మీదే మోటారు ఉండే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకును విడి కంట్రోలరుతో వాడే ప్రయత్నాలు సాగుతున్నాయి. తీగ లేదు, మీట లేదు, గిన్నె డ్రమ్మూ లేదు. వాగులో మునిగి బ్యాటరీ చచ్చిన బండికి ఆ బ్రేకు పట్టింది పట్టినట్టే ఉంటుంది. దాన్ని విడిపించి, తాడు కట్టి ఒడ్డుకు లాగడం ఎలాగో ఆ కిట్‌లు అమ్మేవారు ఇంకా చెప్పాల్సి ఉంది.